బొంత ఉతికి ఇవ్వాలా, ఉతక్కుండానా?

కుట్టుపని సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బారసాలలకీ పెళ్లిళ్లకీ చేత్తో కుట్టిన బొంతలు కానుకగా ఇవ్వాలనుకునేవాళ్ల ఉత్తరాలు ఈసారి ఎక్కువగా వచ్చాయి. దాదాపు అందరి సందేహమూ ఉతుకు దగ్గరే ఆగింది. అందుకే ఈ సంచిక మొత్తం దానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా చెల్లెలి కూతురికి బాబు పుట్టాడు. 21వ రోజున బారసాల. పైన పాప్లిన్ అతుకులు, అడుగున మల్లు, మధ్యలో మెత్తటి పాలిస్టర్ ఫైబర్ షీటు పెట్టి 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవుతో బొంత కుట్టాను. బట్టలేవీ ముందుగా తడపలేదు. ఉతికి ఇద్దామంటే మా అత్తగారు "ఉతికిన బట్ట కానుకేమిటి, వాడి ఇచ్చారనుకుంటారు" అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉతికే ఇవ్వండి. పసిబిడ్డకు కాబట్టి రెండో ఆలోచన వద్దు. పుట్టిన బిడ్డను కొత్త బట్టలో చుట్టకుండా, ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీర పొత్తిగుడ్డల్లో చుట్టడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఈ మాట చెబితే మీ అత్తగారే ఒప్పుకుంటారు.

తానులోంచి కోసిన కొత్త పాప్లిన్‌లో మిల్లు గంజి ఉంటుంది, నూలుకు అంటుకోకుండా మిగిలిన రంగు ఉంటుంది. ముడతలు పడకూడదని వేసే కొన్ని రకాల ఫినిషింగ్‌లో ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. దానికి తోడు కొట్లో పట్టిన దుమ్ము, కుట్టుమిషన్ నూనె, సుద్ద గీతలు, రోజుల తరబడి ఒళ్లో పెట్టుకుని కుట్టినప్పుడు అంటిన చెమట. ఇవన్నీ బిడ్డ చర్మానికి తగలకముందే పోవాలి.

రెండో కారణం కుంచించుకుపోవడం. తడపని పాప్లిన్ మొదటి ఉతుకులో మామూలుగా నూటికి 3 నుంచి 5 వంతులు తగ్గుతుంది. అంటే మీ 45 అంగుళాల పొడవులో దాదాపు ఒకటింపావు నుంచి రెండుంపావు అంగుళాలు పోతాయి. ఫైబర్ షీటు మాత్రం తగ్గదు. అందువల్ల పై బట్ట కుట్ల మధ్య చిన్న చిన్న ముడతలుగా పొంగుతుంది. చాలామందికి ఆ ముడతలే అందం, చేతి కుట్టుకు నిండుదనం వచ్చేదీ అప్పుడే. కానీ నున్నగా ఇస్త్రీ చేసినట్టున్న బొంత అందుకున్నవాళ్లు వారం తర్వాత దాన్ని ముడతలతో చూస్తే, తామే పాడుచేశామని బాధపడతారు. పైగా మల్లు నేత పలచన కాబట్టి పాప్లిన్ కన్నా ఎక్కువ లాక్కోవచ్చు, అప్పుడు అంచులు అడుగు వైపుకు వంగుతాయి. తడిగా ఉన్నప్పుడే నాలుగు మూలలూ పట్టి లాగి సరిచేస్తే సర్దుకుంటుంది.

మూడోది అతుకుల బలం. పావు అంగుళం కన్నా తక్కువ మార్జిన్ వదిలిన చోట నూలు పీచు లేచి అతుకు విచ్చుకుంటుంది. అది మొదటి ఉతుకులోనే తెలుస్తుంది. ఏ లోపం బయటపడినా సూదీ దారమూ ఉన్న మీ ఇంట్లో బయటపడాలి. రాత్రుళ్లు నిద్రలేని బాలింత ఇంట్లో కాదు.

ఉతికే ముందు బొంతను బల్ల మీద పరిచి అరచేతితో అంగుళం అంగుళం తడమండి, తర్వాత అయస్కాంతం తిప్పండి. గుండుసూదులు, విరిగిన సూదిమొనలు దాగేది లోపలి పొరలోనే. మిషన్ నూనె మరక ఉంటే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి వేలితో రుద్ది పది నిమిషాలు ఉంచండి. సూది గుచ్చుకుని పడ్డ రక్తపు చుక్కకు చన్నీళ్లే వాడాలి, వేడినీళ్లు తగిలితే అది పట్టేసుకుంటుంది.

ఇక ఉతుకు. పెద్ద టబ్బులో 30 లీటర్ల చన్నీళ్లకు ఒక టేబుల్ స్పూను లిక్విడ్ డిటర్జెంటు ముందు కలిపి, ఆ తర్వాత బొంత వేయండి. పొడి వేస్తే కరగని పలుకులు కుట్ల సందుల్లో ఉండిపోతాయి. పది నిమిషాలు నానాక అరచేతులతో అదమడమే. బ్రష్షు వద్దు, బండకేసి బాదడం అసలే వద్దు. నురగ పోయేదాకా జాడించండి, మామూలుగా మూడు జాడింపులు పడతాయి. బోరు నీళ్లు గట్టివైతే సబ్బు వాడకండి, తెల్లటి తెట్టు బట్టకు అంటుకుని గరుకు చేస్తుంది. కుళాయి నీళ్లు వచ్చే వేళ చూసుకుని కనీసం ఆఖరి జాడింపైనా వాటితో చేయండి. నీలం, గంజి, కంఫర్ట్ లాంటి మెత్తదనపు ద్రావణాలు బిడ్డ బొంతకు అక్కర్లేదు.

పిండేటప్పుడు మెలిపెడితే చేతి కుట్టు దారం తెగుతుంది. రెండు పొడి తువాళ్ల మధ్య పరిచి చాపలా చుట్టి, పైన మోకాలితో అదమండి. సగం నీళ్లు అలాగే పోతాయి. మిషన్‌లో వేయాలనుకుంటే డెలికేట్ వాష్, నిమిషానికి 600 చుట్లు దాటని స్పిన్ పెట్టండి.

ఆరబెట్టడంలోనే ఎక్కువ బొంతలు పాడవుతాయి. తడి బొంతను ఒంటి తాడు మీద వేలాడదీస్తే బరువంతా ఒకే గీత మీద పడి అక్కడి కుట్లు సాగుతాయి. నవారు మంచం మీద పాత పంచె పరిచి, దానిపై బొంతను తిరగేసి నీడలో ఆరబెట్టండి, గంటకోసారి మార్చండి. మంచం లేకపోతే రెండు తాళ్లు రెండడుగుల ఎడంగా కట్టి వాటి మీద పరచండి. పైకి ఆరినట్టు కనిపించినా లోపలి పొర తడిగానే ఉంటుంది. మధ్య భాగాన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి నిమిషంపాటు నొక్కి పట్టండి, చల్లగా తగిలితే ఇంకో పూట ఉంచాల్సిందే. వానాకాలంలో విజయవాడ, గుంటూరు గాలిలో తేమకు ఫ్యాను కింద కూడా రెండు రోజులు పడుతుంది. కాబట్టి బారసాలకు కనీసం ఐదు రోజుల ముందే ఉతకండి.

బిడ్డ తల్లికి ఒక మాట తప్పకుండా చెప్పండి. ఏడాది నిండని బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఇలాంటి వదులు బొంత మీద కప్పకూడదు, ఉయ్యాల్లోనూ వేయకూడదు. ముఖం మీదికి జరిగితే ఊపిరాడదు. మెలకువగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లు పక్కనే ఉండగా, నేల మీద పరిచి ఆడించడానికి మాత్రమే వాడమనండి.

ప్రశ్న: పాత నేత చీరలతో మా అమ్మాయి పెళ్లికి డబుల్ కాట్ బొంత కుడుతున్నాను. అడుగుకు వన్‌టౌన్ వస్త్రలతలో ముదురు ఎరుపు పాప్లిన్ కొన్నాను, ఇంకా జత చేయలేదు. రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందంటారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: నిలవదు. ఉప్పుకు అద్దకంలో చోటుంది, అద్దకం అయ్యాక లేదు. ఇప్పుడు నూలు బట్టకు ఎక్కువగా వేసేవి రియాక్టివ్ రంగులు. రంగునీళ్లలోంచి రంగును నూలు వైపుకు నెట్టడానికి ఉప్పు, దాన్ని నూలుతో కలిపి బంధించడానికి సోడా వేస్తారు. ఆ బంధం పడని మిగులు రంగును మిల్లులోనే వేడినీళ్లతో కడిగేయాలి. సరిగా కడగని బట్టే మన ఇంట్లో రంగు వదులుతుంది. ఉప్పునీళ్లలో ఉన్నంతసేపు ఆ మిగులు రంగు బయటికి తక్కువగా వస్తుంది, అందుకే నీళ్లు తేటగా కనిపించి పనిచేసిందనిపిస్తుంది. మంచినీళ్లలో వేయగానే మళ్లీ మొదలు. వెనిగర్ కూడా అంతే. దాని పని పట్టు, ఉన్ని రంగుల దగ్గర, నూలు దగ్గర కాదు.

ఇంకా జత చేయలేదన్నారు, చాలా మంచిది. ఎరుపు బట్టలోంచి రెండంగుళాల ముక్క కత్తిరించి, తెల్ల పింగాణీ గిన్నెలో వేడినీళ్లు పోసి, గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు కలిపి అరగంట ఉంచండి. తర్వాత ఆ తడి ముక్కను తెల్ల మల్లు మీద పెట్టి, పైన బరువుంచి ఆరనివ్వండి. నీళ్లలో కాస్త రంగు కనిపించడం పెద్ద విషయం కాదు. తెల్లగుడ్డ మీద మచ్చ పడిందా లేదా అన్నదే అసలు పరీక్ష. చీరల్లో మెరూన్, నేవీ, నలుపు ఉంటే వాటికీ, కుట్టుకు వాడే రంగు దారానికీ ఇదే చేయండి. చవక ఎంబ్రాయిడరీ దారాలు బట్ట కన్నా ఎక్కువ మోసం చేస్తాయి.

మచ్చ పడితే ఎరుపు బట్టను విడిగా, చేయి ఓర్చుకునేంత వేడినీళ్లలో కొద్దిగా లిక్విడ్ కలిపి నానబెట్టి, నీళ్లు తేటపడేదాకా మార్చండి. ఐదుసార్లు మార్చినా ఆగకపోతే ఆ బట్ట మీద ఇంకేమీ ఖర్చు పెట్టకండి, దిండు గలీబులకు వాడుకుని వేరే అడుగు బట్ట తెచ్చుకోండి. కొన్ని రంగులు ఎన్ని ఉతుకులకూ ఆగవు.

రంగు ఆగే బట్టే అయినా దాన్ని తడపకుండా వేయకండి. మీ చీరలు ఏళ్ల తరబడి ఉతికి, తగ్గాల్సిందంతా ఎప్పుడో తగ్గాయి. కొత్త పాప్లిన్ 90 అంగుళాల పొడవులో దాదాపు రెండుముప్పావు నుంచి నాలుగున్నర అంగుళాలు తగ్గుతుంది. అడుగు బట్ట లాక్కుంటే పైనున్న చీరలు కుచ్చులు పడి, మెత్తటి పాత నూలు కుట్టు దగ్గర చిరుగుతుంది. అన్నీ తడిపిన బట్టలైనా ఉండాలి, అన్నీ తడపనివైనా ఉండాలి. కలిపితేనే చేటు. చీరల జరీ అంచులు కోసేయండి. ప్రతి చీరనూ రెండు చేతులతో పట్టి గబాల్న లాగి చూడండి. చర్రుమని చిరిగేదాన్ని పైకి వాడకుండా లోపలి పొరగా వేసుకోండి.

ప్రశ్న: తెలుపు, మెరూన్ గళ్ల బొంత ఉతికితే తెల్లగళ్లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. ఆరిపోయింది కూడా. ఈ ఆదివారం ఇవ్వాలి. దారి ఉందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నూలు బొంతయితే ఉంది. ఇస్త్రీ మాత్రం చేయకండి, ఎండలో వేయకండి. మీ ఇంట్లో ఉన్నవాటిలో అతి పెద్ద టబ్బు తీసుకోండి. గీజరు వేడినీళ్లు 50 లీటర్ల దాకా నింపి, గిన్నెల లిక్విడ్ మూడు టేబుల్ స్పూన్లు కలిపి, బొంత పూర్తిగా మునిగేలా వేయండి. ఎక్కడా పైకి తేలకూడదు, తేలితే తెల్ల పింగాణీ పళ్లెం బోర్లించి అదమండి. 10 నుంచి 12 గంటలు కదపకుండా ఉంచండి. నీళ్లు ఎక్కువగా ఉండాలన్నది ఇక్కడ కీలకం. వదిలిన రంగు నీళ్లలో పలచబడి తేలుతూ ఉంటే మళ్లీ తెల్లగళ్లకు అంటదు. నీళ్లు చాలకపోతే అక్కడే తిరిగి పడుతుంది.

పొద్దున గాజు గ్లాసులో కొంచెం నీళ్లు ముంచి తెల్లకాగితం ముందు పట్టి చూడండి. రంగు కనిపిస్తే నీళ్లు పారబోసి మళ్లీ మొదట్నుంచి. గ్లాసులో నీళ్లు తేటగా కనిపించేదాకా, తెల్లగళ్లు తేరేదాకా ఆరనివ్వకుండా చేయాలి. రెండు మూడు విడతలు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. బ్లీచింగ్ జోలికి వెళ్లొద్దు, గులాబీ పోయే లోపు మెరూన్ పోతుంది, నూలూ బలహీనపడుతుంది. ఆదివారానికి అందకపోతే కానుక ఒక వారం ఆలస్యంగా ఇవ్వండి.

ప్రశ్న: పెడన కలంకారీ బట్టతో ఒకటి, పాత పట్టుచీరలతో ఒకటి, దూది నింపి ఒకటి, మొత్తం మూడు కుట్టాం. మూడింటినీ ఉతకాలా?
— అక్కచెల్లెళ్లు, పటమట, విజయవాడ

జవాబు: పట్టుది ఉతకొద్దు. ఒక్కో చీర ఒక్కో రకంగా రంగు వదులుతుంది, పాత జరీ మడతల దగ్గర విరుగుతుంది. నీడలో గాలికి వేసి, తెల్లగుడ్డలో చుట్టి, డ్రైక్లీనింగ్ మాత్రమే అని చెప్పి ఇవ్వండి.

ఏకిన దూది విడిగా నింపిందైతే అదీ ఉతకొద్దు. నీళ్లు తగిలితే దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది, ఆ తర్వాత విప్పి మళ్లీ ఏకించడం తప్ప దారి లేదు. కుట్లు రెండంగుళాల కన్నా దగ్గరగా ఉన్నా పూర్తి నమ్మకం లేదు. ఎండలో రెండు వైపులా వేసి దులిపి ఇవ్వండి. వాడేవాళ్లు తొడుగు మాత్రం ఉతుక్కునేలా పైన ఒక పాప్లిన్ గలీబు కుట్టిస్తే ఎంతో మేలు.

కలంకారీని ఉతకవచ్చు, కానీ విడిగా, చన్నీళ్లతో. పెడనలో ఇప్పుడు రసాయన రంగుల అద్దకమూ చాలా నడుస్తోంది, మీది ఏదో కొన్నచోట అడిగి తెలుసుకోండి. రసాయన రంగైతే పై జవాబుల్లోని పద్ధతే. చెట్టు రంగులదైతే నానబెట్టకుండా రెండు నిమిషాల్లో అదిమి తీసేయాలి. గాఢమైన డిటర్జెంటు వాటిని మార్చేస్తుంది. కుంకుడు రసం బాగా పనిచేస్తుంది, పది కాయల రసం వడగట్టి బకెట్టు నీళ్లలో కలిపితే చాలు. అయితే తెల్లటి నేల ఉన్న డిజైన్లకు వాడితే లేత గోధుమ ఛాయ వస్తుంది.

తుప్పు పట్టిన ఇనుప బకెట్టుకు గానీ ఇనుప తీగకు గానీ ఈ బట్ట తగలకూడదు. చెట్టు రంగుల కలంకారీ బట్టను అద్దకానికి ముందు కరక్కాయ నీళ్లలో ముంచుతారు. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. ఆ పద్ధతిలో నల్లరంగు పుట్టేది ఇలాగే, ఇనుప తునకలూ బెల్లమూ కలిపి ఊరబెట్టిన నీళ్లతో. అద్దకందారు గీసిన చోట నలుపు అందం, తీగ తగిలిన చోట అదే పోని మరక.

ప్రశ్న: నీలం పెన్నుతో డిజైన్ గీసి కుట్టాను. కొన్ని గీతలకు ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్ను వాడాను. బొంతను అమెరికాలో ఉన్న మనవరాలికి పంపాలి. ఉతకాలా?
— ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మీ విషయంలో ఉతుకు తప్పనిసరి. నీటికి పోయే నీలం గీతల మీద ఇస్త్రీ పెట్టకండి, సబ్బు కూడా మొదట తగలనివ్వకండి. వేడికో సబ్బుకో అవి గోధుమ రంగుకు తిరిగి పట్టేసుకుంటాయి. ముందు వట్టి చన్నీళ్లలో బొంత మొత్తం ముంచండి. గీతల మీద మాత్రమే నీళ్లు చిలకరిస్తే సిరా లోపలి పొరలోకి దిగి, ఆరాక మళ్లీ పైకి తేలుతుంది. నీలం పూర్తిగా పోయాకే డిటర్జెంటు.

వేడికి మాయమయ్యే పెన్ను సిరా నిజానికి పోదు, రంగు కనిపించకుండా మారుతుందంతే. సున్నాకు పదీ ఇరవై డిగ్రీలు దిగువన చల్లబడితే గీతలు తిరిగి కనిపిస్తాయి. గుంటూరులో ఎన్నేళ్లయినా తెలియదు, అక్కడి మంచులో పార్సిల్ ఒక రాత్రి బయట ఉంటే చాలు. ఉతికితే చాలావరకు పోతుంది. ఉతికాక అదే పెన్నుతో గీసిన చిన్న ముక్కను కూడా ఉతికి ఒక రాత్రి ఫ్రీజర్ పెట్టెలో ఉంచి చూసుకోండి.

ప్రశ్న: రెండేళ్ల కిందట కుట్టి, ఉతికి, ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన బొంత ఉంది. ఇప్పుడు మనవడు పుట్టాడు. అలాగే ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: అలాగే ఇవ్వకండమ్మా. కలరా ఉండలు చాలావరకు నాఫ్తలీనే. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పసిపిల్లలకు నాఫ్తలీన్ పట్టిన బట్టల వల్ల ఎర్ర రక్తకణాలు పగిలి, రక్తం తగ్గడం, తీవ్రమైన కామెర్లు రావచ్చు. బిడ్డకు ఆ లోపం ఉందో లేదో పరీక్ష చేస్తే తప్ప తెలియదు. రోజుల తరబడి గాలికి వేసి, రెండుసార్లు ఉతికి, ముక్కుకు ఆనించి చూసినా వాసన తెలియని స్థితికి వస్తే కొంచెం పెద్దపిల్లలకు వాడుకోవచ్చు. నెలల బిడ్డకు మాత్రం వేరేది కుట్టండి. ఇకమీదట గంజి లేకుండా బాగా ఆరబెట్టి, ఎండిన వేపాకును మల్లు సంచిలో కట్టి పెట్టుకోండి. పురుగుకు గంజే మేత.

ప్రశ్న: కొత్త బట్టకు పసుపు పెట్టి ఇవ్వడం మా ఆనవాయితీ. ఉతికిన బొంతకు ఎప్పుడు పెట్టాలి? కార్డు మీద ఏం రాయాలి?
— ఒక పాఠకురాలు, కొత్తపేట, గుంటూరు

జవాబు: ఉతికి, ఆరి, మడతపెట్టాకే పెట్టండి. పసుపు ఉన్న బట్టకు సబ్బు తగిలితే ఆ చోటు ఎర్రబడుతుంది, సబ్బులోని క్షారానికి పసుపు అలా తిరుగుతుంది. జాడిస్తే మళ్లీ పచ్చబడి మరకగా మిగులుతుంది. ఎండలో పెడితే నెమ్మదిగా వెలుస్తుంది గానీ పక్కనున్న రంగులూ వెలుస్తాయి. అందుకని బొంతకు కాకుండా చుట్టిన గుడ్డ మూలకో, కట్టిన రిబ్బనుకో పెట్టమని మా సలహా. బొంతకే పెట్టాలంటే అడుగు బట్ట ముదురు రంగు మూల చూసుకోండి.

మడత గీతలు పడకుండా మూడు మడతలు పెట్టి, పాత తెల్ల పంచె ముక్కలో చుట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, మిగిలిన కాస్త తేమకే బూజు పడుతుంది. కార్డు పోతుంది కాబట్టి అడుగు మూలలో చిన్న తెల్ల గుడ్డముక్క మీద చెరగని పెన్నుతో రాసి కుట్టేయండి: "ఒకసారి ఉతికినది. నూలు, లోపల ఫైబర్ షీటు. చన్నీళ్లు, లిక్విడ్ డిటర్జెంటు. మెలిపెట్టి పిండవద్దు. నీడలో పరిచి ఆరబెట్టాలి." దాని కింద మీ పేరు, కుట్టిన సంవత్సరం. ఆ పెన్ను కూడా ముందు ఒక గుడ్డపీలిక మీద రాసి, ఉతికి చూసుకున్నాకే వాడండి.